పోస్ట్‌మాస్టర్ అనే పేరుగలవారు ఇక్కడ లేరు

నేను చేయని తప్పుకు నా చేత సంతకం పెట్టించాలని చూశారు. పెట్టలేదు.

ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచుకున్నాను. "కంపెనీ కంప్యూటరును అనధికారికంగా బయటివారికి తెరిచి ఉంచి, తనకు లేని పోస్ట్‌మాస్టర్ హోదాను తానే కల్పించుకుని, సంస్థ పరువుకు భంగం కలిగించినందుకు" అని మొదలవుతుంది. అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు. కాదు, ఒక్క నిజముంది. కంప్యూటరు కంపెనీదే.

ఇవాళ ఆఫీసుల్లో చల్లటి గదుల్లో సర్వర్లు చూసుకునే పిల్లలు ఇది చదివితే నవ్వుతారు. నవ్వండి. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

పటాన్‌చెరులో వాల్వులు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో ఎనభైల్లో టెలెక్స్ ఆపరేటరుగా చేరాను. పదో తరగతి లెక్కల్లో పోయింది, మళ్లీ కట్టలేదు. నాకు ఇంగ్లీషు నేర్పిన పంతులు ఆ టెలెక్స్ మిషనే. పొద్దున సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సు దిగి గది తాళం తీసేసరికి రాత్రి వచ్చిన సందేశాలు అచ్చయిన కాగితపు చుట్ట నేలమీద పాములా పడి ఉండేది. ఒక్కో మాటకూ డిక్షనరీ తీసేవాణ్ణి. టెలెక్స్‌లో మాటలు పొదుపుగా వాడతారు. అందుకే ఈ రోజుకూ నా ఇంగ్లీషులో క్రియలు తక్కువ, అర్థం ఎక్కువ.

టెలెక్స్ నేర్పింది ఇంకొకటి ఉంది: రిజిస్టరు. పంపినవాడు, అందుకున్నవాడు, టైము, సంతకం. ఈ నాలుగూ లేనిది ఉత్తరం కాదు, పుకారు.

టెలెక్స్ పోయి ఫ్యాక్సు వచ్చింది. ఫ్యాక్సు ఉండగానే ఈమెయిలు వచ్చింది. మొదట్లో ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే ఉచిత మెయిలు పెట్టె, ఒకే పాస్‌వర్డ్. డిస్పాచ్ వాళ్లకు వచ్చిన ఉత్తరాన్ని సేల్సు వాళ్లు చెత్త అనుకుని తీసేసేవారు. వాళ్లకు వచ్చినదాన్ని వీళ్లు తీసేసేవారు. రెండువేల సంవత్సరం దాటాక మా ఫ్యాక్టరీకి లీజు లైను వచ్చింది, అంటే ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఇంటర్నెట్ లైను. సొంత మెయిలు సర్వర్ పెట్టాలంటే రెండు నెలలు పడుతుందన్నారు సిటీలోని కంప్యూటరు కంపెనీ వాళ్లు. నేను పెద్దసారు దగ్గరికి పోయి "నేను పెడత సార్" అన్నాను. పెద్దసారంటే మా ఎండీ, కోస్తా మనిషి. కళ్లజోడు పైనుంచి చూసి, "పాడు చేస్తే?" అన్నారు. "స్టోర్సుల పడున్న పాత కంప్యూటర్ సార్. ఇంక ఏం పాడైతది?" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వే నాకు ఆర్డరు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కంప్యూటరు పత్రికలో, మామూలు కంప్యూటరును సర్వర్‌గా మార్చగల లినక్స్ సీడీ ఒకటి దొరికింది. నాలుగు వారాలు పట్టింది. మూడుసార్లు మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. చివరికి డిస్పాచ్‌లో పనిచేసే చెల్లె రాసిన ఉత్తరం స్టోర్సుకు పోయింది. ఆ చెల్లె సదాశివపేట టీచరుగారమ్మాయి. మనిషి నెమ్మది, ఫైళ్లు మాత్రం మహా కచ్చితం. "అన్నా, స్టోర్స్ పక్క గదేగదా, నడిసిపోయి చెప్పొచ్చేదానికి ఇంత సంబురమా?" అంది. అవును, సంబరమే.

ఇక్కడ సాంకేతికం రెండే ముక్కలు చెబుతాను, ఎందుకంటే కథంతా వాటి మీదే నడిచింది.

మొదటిది తాళం. మా కంపెనీ బస్సు మా పనివాళ్లనే ఎక్కించుకుంటుంది. ముత్తంగి దగ్గర చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకుని వాడు అడిగిన చోట దింపదు. మెయిలు సర్వర్ కూడా అంతే. మనవాళ్లు రాసిన ఉత్తరాలు బయటికి తీసుకుపోవాలి, మనకు వచ్చినవి లోపలికి తేవాలి. ఎవడో బయటివాడు ఇంకెవడో బయటివాడికి రాసినదాన్ని మోయకూడదు. మోసిందా, ప్రపంచంలో ఉన్న బూతు ప్రకటనలన్నీ మన బస్సే ఎక్కుతాయి. ఆ తాళం నేను వేశాను, వేసినట్టు రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను.

రెండోది పోస్ట్‌మాస్టర్. ప్రతి మెయిలు సర్వర్‌లో ఆ పేరుతో ఒక పెట్టె ఉండాలి. ఏదైనా తేడా వస్తే బయటివాళ్లు దానికే రాస్తారు. సేల్సు, డిస్పాచ్, స్టోర్సు, క్వాలిటీ పెట్టెలతో పాటు అదీ పెట్టి, దానికొచ్చే ఉత్తరాలు నాకు వచ్చేలా చేశాను.

పెట్టెల జాబితా అచ్చు తీసి అడ్మిన్ మేనేజరుకు ఇచ్చాను. ఆయన వేలు ఒక్కో పేరు మీదుగా జారి చివర ఆగింది.

"గిదేందయ్యా? సేల్సు, డిస్పాచు, స్టోర్సు... సరే. గీ పోస్ట్‌మాస్టర్ ఎవరు?"

"నేనే సార్."

"నువ్వా? ఎవరు జేసిండ్రు నిన్ను? మా బావమర్ది పరీక్ష రాసి, పదిహేనేండ్లు సర్వీసు జేస్తే అప్పుడు అయ్యిండు పోస్ట్‌మాస్టర్. నువ్వు స్టోర్సుల పాత డబ్బా ఒకటి పట్టుకొని అయినవా?"

"అది హోదా కాదు సార్. పెట్టె పేరు. ఉండాల్నని రూలు."

"ఎవరి రూలు?"

"ఇంటర్నెట్ రూలు సార్."

"ఇంటర్నెట్‌కు ఎండీ ఎవరు?"

"ఎవరూ లేరు సార్."

"ఎండీ లేనిదానికి రూలేందయ్యా? తీసెయ్."

తీయలేదు. ఆ సాయంత్రానికే మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. మర్నాడు క్యాంటీన్‌లో మెషిన్ షాపు ఫిట్టరు నా పళ్లెం ముందు వంగి సలాం కొట్టాడు. ఆయనది ఇస్మాయిల్‌ఖాన్‌పేట, బస్సులో నా పక్క సీటు. "పోస్ట్‌మాస్టర్ సాబ్, మా అత్తగారింటికెళ్లి కార్డేమన్న వచ్చిందా? రాకపోతే చెప్పు, శుకురవారం దావత్ జేస్త" అన్నాడు. లైన్లో నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ పేరంటే నాకూ కొంచెం ముచ్చటే. పదో తరగతి పోయినవాడికి ప్రపంచం మొత్తం ఒప్పుకునే పేరు ఒకటి దొరికింది మరి. అందులో తప్పుంటే, ఆ తప్పు నాది.

ఇంకో తప్పు కూడా నాదే. దాచను. టెలెక్స్ రోజుల్లో మిషను కోడ్ నంబరు రిజిస్టరు అట్ట లోపలి వైపు రాసిపెట్టేవాళ్లం. ఎవరు డ్యూటీకి వచ్చినా కనిపించాలని. ఆ అలవాటు కొద్దీ సర్వర్ పాస్‌వర్డ్ కూడా అక్కడే రాశాను, పెద్ద అక్షరాల్లో, ఎర్ర ఇంకుతో, కింద గీత గీసి. తాళం వేసి, తాళంచెవి తలుపుకే వేలాడదీసిన మొనగాణ్ణి నేను.

మార్చి నెల. ఫిట్టరు మనవడికి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి దగ్గర పుట్టువెంట్రుకలు. శుక్రవారం మెషిన్ షాపులో సగం మందీ, నేనూ సెలవు పెట్టి పోయాం. ఆ రోజే సేల్సు మేనేజరుకు సిటీలో తన ఇంటి నుంచి మెయిలు పంపబుద్ధి పుట్టింది. నేను వేసిన తాళం ఆయన్ని బయటివాడనుకుంది, పంపలేదు. నాకు ఒక్క ఫోను కొడితే ఆయన ఒక్కడికి దారి ఇచ్చేవాణ్ణి. కొట్టలేదు. అడ్మిన్ మేనేజరు సిటీ నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించాడు, నా రిజిస్టరు అట్ట తెరిచి పాస్‌వర్డ్ చూపించాడు. కన్సల్టెంటు పదినిమిషాల్లో పని ముగించాడు. ఎలాగంటే, తాళం మొత్తం తీసేశాడు. అడ్మిన్ మేనేజరు చెప్పాడని పోస్ట్‌మాస్టర్ పెట్టె కూడా తీసేశాడు. రిజిస్టరులో ఒక్క అక్షరం రాయలేదు.

సోమవారం నేను వచ్చేసరికి సర్వర్ గదికి కొత్త తాళం. పాస్‌వర్డ్ మారింది.

"ఇగ కన్సల్టెంట్ చూసుకుంటడు. నువ్వు ఫ్యాక్స్ జూసుకో" అన్నాడు అడ్మిన్ మేనేజరు.

గది తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి లైను పెట్టె మీది పచ్చలైటు కనిపించేది. మామూలుగా అది అప్పుడప్పుడు మినుకుమంటుంది. లంచ్ టైములో ఒక్క మనిషి కూడా కంప్యూటరు ముందు ఉండడు, ఆ లైటు మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. మేనేజరు దగ్గరికి పోయి చెప్పాను. "సార్, మన లైను మీద బయటోళ్లు సవారీ జేస్తున్నరు. ఒక్కసారి సూడనియ్యిండ్రి."

"ఏం, నౌకరీ పోయిందని బుగులైతుందా?" అన్నాడు.

మూడు వారాలు. ఆ తర్వాత మా ఉత్తరాలు తిరిగిరావడం మొదలైంది. యూరప్‌లో మా వాల్వులు కొనే పంపుల కంపెనీ ఒకటి ఉండేది. వాళ్లు మార్చిన డ్రాయింగుకు మేం ఒప్పుకున్నట్టు మెయిలు అందితే తప్ప ఇన్‌స్పెక్టరును పంపరు. ఆ మెయిలు పోదు. చెత్త ఉత్తరాలు మోసే సర్వర్ల జాబితా ఒకటి విదేశంలో కొందరు నడిపేవారు. మా లైను నంబరు అందులో ఎక్కింది. జాబితాలో ఉన్నవాడి ఉత్తరం లోకంలో ఎవరూ తీసుకోరు. అంతటితో అయిందా? ఆ పంపుల కంపెనీ నుంచి ఫ్యాక్సు వచ్చింది: మీ చిరునామా నుంచి మాకు బూతు ప్రకటనలు వస్తున్నాయి, ఇదేం పని?

ఆ ఫ్యాక్సు అందుకున్నది నేనే. ఫ్యాక్సు చూసుకొమ్మన్నారు కదా!

పెద్దసారు మొహం నల్లబడింది. ఎవరో ఒకరు దొరకాలి. కన్సల్టెంటును అడిగితే, "మొదటినుంచీ కాన్ఫిగరేషన్ ఇలాగే ఉంది సార్, నేను ముట్టుకోలేదు" అన్నాడట. మర్నాడే నాకు మెమో. దాంతోపాటు టైపు చేసి సిద్ధంగా పెట్టిన సంజాయిషీ: 'నా అజ్ఞానం వల్ల జరిగింది, క్షమించగలరు.' కింద నా పేరు, సంతకానికి చోటు. సంతకం పెడితే గేటు దగ్గర టైమ్ కీపరుగా వేస్తారు. పెట్టకపోతే ఇంటికి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫిట్టరు నవ్వలేదు. "పెట్టెయ్యే అన్నా. గేటుకాడైతే ఏమైతది, నీడపట్టున ఉంటవు. ఇంట్ల పిల్లలున్నరు" అన్నాడు.

"అజ్ఞానం అని రాసిండ్రు సూసినవా? దొంగతనం అని రాసినా పెడుతుంటినేమో. అజ్ఞానం అని మాత్రం పెట్ట."

ఆ మాట కోపంలో వచ్చిందని ఆయన అనుకున్నాడు. కాదు. ఇరవై ఏళ్లు ఒక్కో మాటకూ డిక్షనరీ తీసినవాడి దగ్గర ఉన్నది ఆ జ్ఞానం ఒక్కటే. దాన్ని కూడా లేదని రాసివ్వమంటే ఎలా ఇస్తాను?

డిస్పాచ్ చెల్లె వచ్చి పక్కన కూర్చుంది. తిరిగొచ్చిన ప్రతి మెయిలునూ అచ్చు తీసి తేదీల వారీగా కుట్టిన ఫైలు నా ముందు పెట్టింది. "మొదటిది తిరిగొచ్చింది ఎన్నడో సూడన్నా. ఆ శుకురవారం కంటె ముందల ఒక్కటి లేదు" అంది.

విచారణ పెద్దసారు గదిలో. అడ్మిన్ మేనేజరు, కన్సల్టెంటు, నేను. నన్ను కూర్చోమనలేదు.

"ఏవయ్యా, సంతకం పెట్టనంటున్నావట?" అన్నారు పెద్దసారు.

"తాళం తీసింది నేను కాదు సార్. సర్వర్ల ఆ ఫైలు ఆఖరిసారి ఎప్పుడు మారిందో తారీఖు, టైము పడి ఉంటది. ఆయన్నే తెరిచి చూపియ్యమనుండ్రి."

కన్సల్టెంటు తెరిచాడు. మార్చి మూడో శుక్రవారం, పన్నెండు నలభై.

"ఆ టైముకు నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేటల ఉన్న సార్. మెషిన్ షాపుల సగం మంది సాక్షులు. ఇగ గేటు రిజిస్టర్ తెప్పియ్యిండ్రి."

గేటు హవల్దారు బిహారు మనిషి. రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, సెల్యూట్ కొట్టి, పేజీ తీసి కన్సల్టెంటు పేరు మీద వేలు పెట్టాడు. "గ్యారా దస్ కో అందర్, దో బజే బాహర్. దస్తఖత్ భీ హై సాబ్." పదకొండు పదికి లోపలికి, రెండింటికి బయటికి, పక్కన సంతకం. నా రిజిస్టరులో సంతకం పెట్టనివాడు గేటు దగ్గర పెట్టక తప్పలేదు.

కన్సల్టెంటు తొణకలేదు. "ఫైల్ టైమ్ ఎవరైనా మార్చొచ్చు సార్. ఇలాంటివి తెలిసినవాళ్లకు చాలా ఈజీ" అన్నాడు.

నేను ఆయన వంక తిరిగాను. "ఇప్పుడు తెలిసినోణ్ణి అయిననా? కాగితం మీద అజ్ఞానం అని ఉన్నది. రెండిట్ల ఒకటి ఖాయం చెయ్యిండ్రి సార్. అజ్ఞానినైతే టైము మార్చుడు నాకు రాదు. మార్చుడు వచ్చినోణ్ణైతే అజ్ఞానం అని ఎట్ల రాస్తరు?"

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అదంతా తర్వాత. ముందు మెయిలు ఎలా పోతుంది? అది చెప్పండి."

జాబితాలో పడ్డ లైను నంబరు మార్పించాలి, రెండు వారాలు పడుతుందన్నాడు కన్సల్టెంటు.

"నాకు ఒక్క గంట ఇయ్యిండ్రి" అన్నాను.

ఇచ్చారు. మేనేజరు నా వెనకే నిలబడ్డాడు. తాళం వేశాను. సేల్సు మేనేజరు ఇంటికి మాత్రం విడిగా దారి ఇచ్చాను. పోస్ట్‌మాస్టర్ పెట్టె మళ్లీ పెట్టాను. జాబితా నడిపేవాళ్లకు ఉత్తరం రాయబోతే, వెనకనుంచి, "కంపెనీ పేరు మీద రాయి. ఆ పోస్ట్‌మాస్టర్ గీస్ట్‌మాస్టర్ వద్దు" అన్నాడు.

"వాళ్లు మాట్లాడేది పోస్ట్‌మాస్టర్‌తోనే సార్. కాదంటే మీ బావమర్దితోని రాయియ్యిండ్రి."

నాకొచ్చిన టెలెక్స్ ఇంగ్లీషులోనే రాశాను. తెలుగులో చెబితే ఇంతే: 'తలుపు మూసితిమి. పరీక్షించి జాబితా నుండి తీయగలరు. మా తలుపు ఎన్నటి నుండి తెరిచి ఉన్నదో మీ రికార్డున ఉన్నచో తెలుపగలరు. ఇట్లు, పోస్ట్‌మాస్టర్.' నంబరు, టైము రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. పక్క గడిలో మేనేజరును కూడా పెట్టమన్నాను. పెట్టాడు!

మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ మెమో నా జేబులోనే ఉంది. పచ్చలైటు మాత్రం శాంతించింది. లంచ్ టైములో చెల్లె టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ అద్దం దగ్గరికి వచ్చి చూసేది. "పండుకున్నదన్నా" అనేది. జవాబు రాకపోతే ఏం చేస్తావని ఫిట్టరు రెండుసార్లు అడిగాడు. సంతకం మాత్రం పెట్టనన్నాను. అంతకుమించి నాకూ తెలియదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది చెప్పుకోదగ్గది కాదు. కన్సల్టెంటు మళ్లీ రాలేదు. సర్వర్ గది తాళంచెవి నాకే ఇచ్చారు. పాస్‌వర్డ్ ఈసారి ఎక్కడా రాయలేదు. మెమో రద్దు చేసినట్టు కాగితం ఇమ్మని అడిగాను. "నోటిమాట చాలదా?" అన్నారు. చాలదన్నాను. రిటైరయ్యేదాకా ఏటా ఒకసారి అడుగుతూ వచ్చాను, ఇవ్వలేదు. చివరి రోజు శాలువా కప్పి, మైకులో 'మన పోస్ట్‌మాస్టర్ గారు' అన్నారు. చప్పట్లు కొట్టారు. శాలువా ఎవరికి కావాలి? నేను అడిగింది ఒక్క కాగితం. క్షమాపణ ఎవరి నోటా రాలేదు. నాకు అందిందల్లా ముక్కూమొహం తెలియని ఒక పరదేశి రాసిన జవాబు.

అది నాలుగో రోజు పొద్దున వచ్చింది. చెల్లె అచ్చు తీసి, పరుగులాంటి నడకతో తెచ్చి నా చేతిలో పెట్టింది. చదివాను. మళ్లీ చదివాను. పెద్దసారు గదికి తీసుకుపోయాను. ఆయన చెయ్యి చాచారు.

"మేనేజర్ సార్ చదవాలె. గట్టిగ చదవాలె" అన్నాను.

పెద్దసారు నన్ను చూశారు, మేనేజరును చూశారు. "చదవండి" అన్నారు. మేనేజరు కాగితం తీసుకుని మొదలుపెట్టాడు. సగానికి వచ్చాక కాగితం దించాడు. "ఏం, ఆగారేం? కానివ్వండి" అన్నారు పెద్దసారు. మేనేజరు కాగితం మళ్లీ పైకెత్తి చివరిదాకా చదివాడు. తెలుగులో అది ఇది:

"పోస్ట్‌మాస్టర్ గారికి. మీ సర్వర్‌ను ఈ ఉదయం పరీక్షించాం. తలుపు మూసి ఉంది. జాబితా నుంచి తీసేశాం. మీరు అడిగినదానికి జవాబు: మార్చి మొదటి వారంలో పరీక్షించినప్పుడూ మూసే ఉంది. తెరిచి ఉన్నట్టు మాకు మొదట కనిపించింది ఆ నెల మూడో శుక్రవారం. హెచ్చరిస్తూ మీకు మూడుసార్లు రాశాం. మూడుసార్లూ మీ సర్వర్ మా ఉత్తరాన్ని తిప్పి పంపింది, 'పోస్ట్‌మాస్టర్ అనే పేరుగలవారు ఇక్కడ లేరు' అని. ఇప్పుడు ఉన్నారని తెలిసి సంతోషం."